మళ్లీ అడిగించుకోకుండా చెప్పడం: ఎంబీఏ విద్యార్థులకు ఆఫీసు మాటల తర్ఫీదు

హైదరాబాద్‌లో ఎంబీఏ రెండో ఏడాది మొదలైందంటే కాలేజీల్లో ప్లేస్‌మెంట్ హడావుడి మొదలైనట్టే. సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పడతారు. జామ్ రౌండులో నిమిషం పాటు ఆగకుండా మాట్లాడటం, గ్రూప్ డిస్కషన్‌లో అందరికంటే ముందు గొంతెత్తడం సాధన చేస్తారు. అది చాలదనుకున్నవాళ్లు అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్‌లో చేరతారు. ఇదంతా దండగ అనడానికి లేదు, ఇంటర్వ్యూ గడప దాటడానికి పనికొస్తుంది. కాకపోతే ఈ తర్ఫీదు మొత్తం ఒకే రకం మాట కోసం. వినేవాళ్లు మనకు మార్కులు వేసే మాట అది. ఉద్యోగంలో చేరాక ఎదుటివాళ్లు మార్కులు వేయరు. మన మాట విని వాళ్లు ఏదో ఒక పని చేయాల్సి ఉంటుంది. పేమెంటుకు అనుమతి ఇవ్వాలి, సరుకు ఆపాలి, క్లయింటుకు ఫోన్ చేయాలి. మనల్ని మళ్లీ అడక్కుండా, తప్పు పోకుండా ఆ పని వాళ్లు చేయగలిగితే మనం సరిగ్గా చెప్పినట్టు.

కొత్తగా చేరిన ఎంబీఏల గురించి నానక్‌రామ్‌గూడ ఆఫీసులోనైనా బాలానగర్ ఫ్యాక్టరీలోనైనా వినిపించే ఫిర్యాదులు కాస్త అటూ ఇటూగా ఒకటే. మెయిలు రెండుసార్లు చదివినా ఏం కావాలో తెలియదు. పని ఆలస్యమవుతోందని గడువు రోజు దాకా చెప్పరు. అర్థం కాకపోయినా తలూపుతారు. మీటింగ్ అయ్యాక ఏ పని ఎవరు చేయాలో ఎక్కడా రాసి ఉండదు. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా ఇంగ్లీషు ధారాళంగా రాకపోవడం వల్ల వచ్చింది కాదు.

సాఫ్ట్ స్కిల్స్ క్లాసులో తప్పకుండా కనిపించే ఒక స్లైడు గురించి ఇక్కడే చెప్పుకోవాలి. మన సందేశంలో మాటల వాటా 7 శాతం, గొంతుది 38, ముఖం, ఒళ్లు కదలికలది 55 అని ఉంటుంది అందులో. ఈ అంకెలు 1967లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన ప్రయోగాల నుంచి వచ్చాయి. విడి మాటల్ని వేర్వేరు స్వరాల్లో, వేర్వేరు ముఖాలతో కలిపి చూపించి, మనిషి ఇష్టం చూపిస్తున్నాడా అయిష్టమా అని అడిగిన ప్రయోగాలవి. మాట ఒకటి, ముఖం ఇంకొకటి చెబుతున్నప్పుడు భావం ఎక్కడి నుంచి అందుతుందన్నదే అక్కడి ప్రశ్న. మిగతా మాటలకు ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే చెప్పారు. ఇన్‌వాయిస్‌లో జీఎస్టీ ఎంత పడిందో ఎవరి ముఖం చూసీ చెప్పలేం. ఈ స్లైడు వల్ల నష్టమేమిటంటే, షేక్‌హ్యాండ్ మీదా కళ్లల్లోకి చూడటం మీదా రెండు వారాలు పోతాయి, మెయిలు రాయడానికి ఒక గంట మిగులుతుంది.

లీవ్ లెటర్ అలవాటు

మన పిల్లలకు బళ్లో నేర్పే మొట్టమొదటి ఆఫీసు రాత లీవ్ లెటర్. దాని నడక అందరికీ తెలిసిందే. ముందు గౌరవ సంబోధన, తర్వాత జ్వరం సంగతి, చిట్టచివర మనవి. పదిహేనేళ్ల తర్వాత అదే మనిషి ఆఫీసు మెయిలు రాసినా నడక మారదు. కారణాలన్నీ ముందు పేర్చి, అడగాల్సింది ఆఖరి వాక్యంలో, అదీ వినయం మాటున దాచి పెడతాడు. అది అర్జీ రాసే పద్ధతి. అర్జీ చదివే అధికారికి తీరిక ఉంటుంది, అధికారం ఉంటుంది. మెయిలు చదివే మేనేజర్ రాయదుర్గం మెట్రోలో నిలబడి ఫోన్ చూస్తుంటాడు. అతనికి తెరమీద కనిపించేది సబ్జెక్టు లైను, దాని కింద ఒకటిన్నర వరస.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఆఫీసులో ఇది ఇంగ్లీషులో వెళ్తుంది. అమరిక తెలియడం కోసం ఇక్కడ తెలుగులో.

సబ్జెక్టు: డీలర్ మీట్ విషయమై.

"గౌరవనీయులైన సర్, మీరు క్షేమమని తలుస్తాను. గత వారం అనుకున్న డీలర్ మీట్ గురించి ఈ మెయిలు రాస్తున్నాను. హాలు వాళ్లతో మాట్లాడాను. మొదట 42,000 అన్నారు, ఇప్పుడు 48,000 అంటున్నారు, ఎందుకంటే మనవాళ్ల సంఖ్య పెరిగింది. ఇంకో హాలు కూడా చూశాను కానీ అక్కడ పార్కింగ్ లేదు. అడ్వాన్స్ ఇవ్వకపోతే డేటు వేరేవాళ్లకు ఇచ్చేస్తామంటున్నారు. దయచేసి తగు చర్య తీసుకోగలరు."

వ్యాకరణంలో తప్పు లేదు, మర్యాదలో లోటు లేదు. అయినా మేనేజర్ ఐదు ప్రశ్నలు అడగాలి. అడ్వాన్స్ ఎంత? ఎప్పటిలోగా? సంఖ్య ఎంత నుంచి ఎంతకు పెరిగింది? రెండో హాలు ధరెంత? ఇంతకీ నువ్వు ఏది ఖాయం చేద్దామంటావు? ఇదే మెయిలు తిరగరాస్తే ఇలా ఉంటుంది.

సబ్జెక్టు: డీలర్ మీట్ హాలు, రూ. 10,000 అడ్వాన్స్‌కు అనుమతి కావాలి, గురువారం సాయంత్రం 4 లోపు.

"సర్, కూకట్‌పల్లి హాలుకు రూ. 10,000 అడ్వాన్స్ కట్టడానికి మీ అనుమతి కావాలి. గురువారం సాయంత్రం 4 దాటితే డేటు వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. మొత్తం ఖర్చు రూ. 48,000. డీలర్లు 70 నుంచి 80కి పెరగడంతో భోజనాల కింద రూ. 6,000 అదనంగా పడింది. రెండో హాలు రూ. 41,000కే వస్తుంది కానీ పార్కింగ్ లేదు, డీలర్లలో ఎక్కువమంది కార్లలో వస్తారు. కాబట్టి మొదటిదే మేలని నా అభిప్రాయం. రెండు కొటేషన్లూ జతచేశాను."

మేనేజర్ మెట్రో దిగకముందే "సరే, కట్టెయ్" అని జవాబివ్వగలడు. ఇది రాయడానికి వేరే తెలివితేటలు అక్కర్లేదు, పని చేసే వరస మార్చుకుంటే చాలు. మామూలు పద్ధతిలో రాయాలనిపించింది మొత్తం రాసేసి, ఆఖరి వాక్యాన్ని కోసి మొదట పెట్టాలి. ఆ వాక్యంలో ఎవరు, ఏం, ఎప్పటిలోగా అన్న మూడూ ఉన్నాయో లేదో చూడాలి. అదే వాక్యాన్ని కుదించి సబ్జెక్టులో వేయాలి. మిగిలిన వాక్యాల్లో నిర్ణయానికి పనికిరానివి తీసేయాలి. ఫైలు ముందు జతచేసి, చిరునామా అన్నిటికంటే చివర నింపాలి. అప్పుడు సగం రాసిన మెయిలు, ఫైలు మర్చిపోయిన మెయిలు పొరపాటున వెళ్లిపోయే ప్రమాదం ఉండదు. ఒక మెయిలులో ఒక్కటే అడగాలి. రెండు అడిగితే సులువైనదానికి జవాబొస్తుంది, రెండోది మరుగున పడుతుంది.

"టు" గడిలో పని చేయాల్సినవాళ్లు, "సీసీ" గడిలో తెలిస్తే చాలన్నవాళ్లు ఉండాలి. టు గడిలో నలుగురుంటే ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురిలో ఎవరో చేస్తారులే అనుకుంటారు. నలుగురికీ పని ఉంటే ఎవరి పేరు ముందు వాళ్ల పని రాయాలి. పై అధికారిని ఉన్నట్టుండి సీసీలో చేర్చడాన్ని మన ఆఫీసుల్లో ఫిర్యాదుగానే తీసుకుంటారు. చేర్చక తప్పదనుకుంటే అవతలి మనిషికి ముందు ఒక ఫోన్ చేయడం మంచిది.

అమెరికా టీములతో పనిచేసే ఆఫీసులు హైదరాబాద్‌లో వీధికొకటి ఉన్నాయి కాబట్టి తేదీల సంగతి వేరుగా చెప్పాలి. 04/05 అంటే మనకు మే 4, వాళ్లకు ఏప్రిల్ 5. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఈ గొడవే లేదు. "శుక్రవారం సాయంత్రం లోపు" అని న్యూయార్క్ మనిషి అంటే, అక్కడి 6 గంటలు మనకు శనివారం తెల్లవారుజామున 3.30, చలికాలంలో అయితే 4.30. వాళ్లు మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి గడియారం మారుస్తారు. ప్రతి ఏటా ఆ రెండు వారాల్లో ఎవరో ఒకరు కాల్‌కు గంట ముందో గంట ఆలస్యంగానో వస్తూనే ఉంటారు. కోటి అంటే వాళ్ల లెక్కలో 10 మిలియన్లు. లక్షలు, కోట్లు ఉన్న ఎక్సెల్ షీటును అలాగే పంపితే కామాలు ఎక్కడ పడ్డాయో చూసి కంగారు పడతారు.

"అయిపోతుంది సార్"

ఆఫీసు మాటల్లో మనవాళ్లకు అన్నిటికంటే కష్టమైనది చెడ్డ కబురు చెప్పడం. "చూస్తా సార్", "ట్రై చేస్తా మేడమ్", "అయిపోతుంది సార్" అన్న మూడు జవాబుల్లో ఏదీ అవునూ కాదు, కాదూ కాదు. పెద్దవాళ్ల ముందు కాదనడం మర్యాద కాదన్న పెంపకం దీని వెనుక కొంత ఉంది. ఎక్కువ తప్పు మాత్రం కాలేజీ లెక్కలదే. అసైన్‌మెంట్ పూర్తవదని మూడు రోజుల ముందే చెప్పిన విద్యార్థికి దక్కేది చీవాట్లు. ఆఖరి రోజు సాయంత్రం జ్వరమని చెప్పినవాడికి దక్కేది రెండు రోజుల గడువు. ఎంబీఏ రెండేళ్లూ ఈ పాఠమే ఒంటబడితే, ఉద్యోగంలో మొదటి నెలకే అది మారుతుందనుకోవడం అత్యాశ.

ఆఫీసులో చెడ్డ కబురు ఖరీదు రోజురోజుకూ పెరుగుతుంది. పది రోజుల ముందు తెలిస్తే ఇంకో వెండర్‌ను చూసుకోవచ్చు, మూడు రోజుల ముందు తెలిస్తే కనీసం క్లయింటుకు చెప్పుకోవచ్చు, ఆ రోజే తెలిస్తే క్షమాపణ తప్ప దారి లేదు. కాబట్టి పరిష్కారం దొరికాక చెబుదామని ఆగకూడదు. కుర్రాళ్లు చేసే పొరపాటు ఇక్కడే. చేతిలో జవాబు లేకుండా సమస్య ఎలా తీసుకెళ్లాలని మథనపడుతూ రెండు రోజులు గడిపేస్తారు.

చెప్పే తీరుకు ఒక చట్రం ఉంది. ఏం జరిగింది, దాని వల్ల దేనికి ఎంత దెబ్బ, ఇప్పటివరకు ఏం చేశాను, మీ నుంచి ఏం కావాలి, మళ్లీ ఎప్పుడు చెబుతాను. ఐదు వాక్యాలు. "మేడమ్, ప్రింటింగ్ ప్రెస్సులో మెషీన్ ఆగిపోయింది. 500 బ్రోచర్లు బుధవారం బదులు శుక్రవారం వస్తాయి, గురువారం నాటి ఎక్స్‌పోకు అందవు. చిక్కడపల్లిలో ఇంకో ప్రెస్సును అడిగాను, బుధవారానికి 200 ఇవ్వగలమన్నారు, ఒక్కోదానికి 4 రూపాయలు ఎక్కువ. ఆ 800 రూపాయలకు మీరు సరేనంటే ఇప్పుడే ఆర్డర్ ఇస్తాను. మధ్యాహ్నం 2 గంటలకు మళ్లీ ఫోన్ చేస్తాను." ఇందులో సాకు లేదు, ఏడుపు లేదు. ఆఖరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే మేనేజరే అరగంటకోసారి ఫోన్ చేస్తాడు, ఆ ఫోన్లను నమ్మకం లేకపోవడంగా కుర్రాడు అర్థం చేసుకుంటాడు.

దీన్ని క్లాసులో నేర్పాలంటే ఉపన్యాసం పనిచేయదు. మార్కుల పద్ధతి మారాలి. గడువుకు 48 గంటల ముందే, పై ఐదు వాక్యాల్లో రాసి అడిగినవాళ్లకు మార్కు తగ్గించకుండా గడువు పెంచాలి. ఆఖరి రోజు అడిగితే, కారణం ఎంత నిజమైనదైనా, కొన్ని మార్కులు కోయాలి. ఒక సెమిస్టర్ ఇలా నడిపితే చాలు, ముందుగా చెప్పడం లాభసాటి అన్న సంగతి ఎవరూ బోధించనక్కర్లేదు.

విన్నది తిరిగి చెప్పడం

"అర్థమైందా?" అన్న ప్రశ్నకు తెలుగు నేల మీద "కాలేదు" అని జవాబు వచ్చిన సందర్భాలు తక్కువ. అడగాల్సిన ప్రశ్న అది కాదు. విమానాలు నడిపేవాళ్లు కంట్రోల్ టవర్ ఇచ్చిన ఆదేశాన్ని అంకెలతో సహా తిరిగి చదివి వినిపిస్తారు. తప్పుగా వినిపిస్తే టవర్ అక్కడే సరిదిద్దుతుంది. ఆఫీసులోనూ అంతే చేయొచ్చు. "అంటే సర్, గత మూడు నెలల అమ్మకాలు, తెలంగాణ జిల్లాలవి మాత్రమే, జిల్లావారీగా ఒకే షీటులో, సోమవారం ఉదయం 10కి. అంతేనా?" పది సెకన్లు పడుతుంది. అప్పుడు మేనేజర్‌కు గుర్తొస్తుంది, వెనక్కొచ్చిన సరుకును తీసేసిన లెక్క కావాలని తాను చెప్పనేలేదని.

చెప్పేవాళ్లు ఇలాంటివి ఎందుకు వదిలేస్తారో తెలియజేసే ప్రయోగం ఒకటి ఉంది. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ తన పీహెచ్‌డీ కోసం కొందరితో అందరికీ తెలిసిన పాటల్ని బల్ల మీద వేళ్లతో కొట్టించారు, ఇంకొందరిని ఆ పాటేదో చెప్పమన్నారు. సగం మంది కనిపెట్టేస్తారని కొట్టినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో కనిపెట్టగలిగినవి 3. కొట్టేవాళ్ల చెవిలో పాట మోగుతూనే ఉంటుంది, ఎదుటివాళ్లకు వినిపించేది బల్ల చప్పుడే. క్లాసులో పది నిమిషాల్లో చేయించగల ప్రయోగం ఇది. తెలిసిన తెలుగు పాటలే తీసుకోవచ్చు. ఒక్కసారి చేయిస్తే, తాను స్పష్టంగానే చెప్పానన్న ధీమా విద్యార్థుల్లో చాలావరకు దిగిపోతుంది.

కొత్త పని అప్పగించినప్పుడు అడిగి తెలుసుకోవాల్సినవి కొన్నే. పని పూర్తయ్యాక అది ఎలా ఉండాలి, దాన్ని ఎవరు వాడతారు, ఎప్పటికి కావాలి, ఏది ముట్టుకోకూడదు, అనుమానం వస్తే ఎవరిని అడగాలి. రెండోది మర్చిపోకూడదు. అదే రిపోర్టు ఆడిటర్‌కు వెళ్తుందా, డైరెక్టర్‌కు వెళ్తుందా అన్నదాన్ని బట్టి మూడు పేజీలో ముప్పై పేజీలో తేలుతుంది. ప్రశ్నలన్నీ ఒక్కసారే అడగడం ముఖ్యం. గంటకొకటి చొప్పున ఐదుసార్లు తలుపు తట్టేవాడి మీద ఎంత మంచి మేనేజరైనా విసుక్కుంటాడు.

తెలుగులో చెప్పలేకపోతే

హైదరాబాద్ ఎంబీఏలంతా గచ్చిబౌలి అద్దాల మేడల్లోకే వెళ్తారన్న భ్రమ ఒకటుంది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, బీమా, పెయింట్లు, సిమెంటు, మందుల పంపిణీ ఏటా చాలామందిని తీసుకుంటాయి. అక్కడ కస్టమర్ మాట్లాడేది తెలుగు, కాదంటే దక్కనీ. ఫైనాన్స్ స్పెషలైజేషన్ చేసి, ఇంగ్లీషులో ఫార్ములా గడగడా చెప్పగలిగిన అమ్మాయి ఎల్బీనగర్‌లో కిరాణా కొట్టాయనకు ఫ్లాట్ రేటు (బాకీ తగ్గుతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే వడ్డీ) అంటే ఏమిటో చెప్పమంటే తడబడుతుంది. కమ్యూనికేషన్ సిలబస్ ఈ వైపు కన్నెత్తి చూడదు. ఇది పెద్ద లోటు.

లక్ష రూపాయల అప్పు, ఏడాది గడువు, 12 శాతం ఫ్లాట్ అనుకుందాం. కొట్టాయనకు ఇలా చెప్పొచ్చు. "లక్ష తీసుకుంటున్నారు. నెలకు 9,333 చొప్పున 12 నెలలు కడతారు, మొత్తం 1,12,000. పైకి ఇది రూపాయి వడ్డీ. కాకపోతే ఆరు నెలలయ్యేసరికి అసలులో సగం మీరు తిరిగి కట్టేసి ఉంటారు. అయినా వడ్డీ మాత్రం మొత్తం లక్ష మీదే పడుతుంటుంది. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే ఇది నూటికి నెలకు దాదాపు రూపాయి ఎనభై పైసలు పడుతుంది, ఏడాదికి 21 శాతం దాటుతుంది. వేరే బ్యాంకు చెప్పే రేటుతో పోల్చుకునేటప్పుడు ఈ అంకెతో పోల్చుకోండి." శాతాలు అర్థంకాని మనిషికి కూడా నూటికి ఎన్ని రూపాయలన్నది పుట్టుకతో తెలుసు. ఆయన లెక్కలోకి మనం దిగడమే ఇక్కడ నైపుణ్యం. ఇంత విడమరిస్తే బేరం పోదా అని సేల్స్ వాళ్ల భయం. కొన్ని పోతాయి. చెప్పకుండా అంటగట్టిన అప్పులు ఆర్నెల్ల తర్వాత బ్రాంచి ముందు గొడవగా తిరిగొస్తాయి.

నిబంధనలు కూడా ఇదే అంటున్నాయి. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు అప్పు ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలని, అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే ఉంది. ఆరోగ్య పాలసీల్లో ముందునుంచే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్‌ను, అంటే ఆ జబ్బుకు క్లెయిము రాని కాలాన్ని, గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు అది 2024లో తగ్గించింది. పాలసీ సమాచార పత్రం కోరినవారికి స్థానిక భాషలో ఇవ్వాలన్న నియమమూ ఉంది. పత్రం తెలుగులో అచ్చయినంత మాత్రాన సరిపోదు, దాన్ని పక్కన కూర్చుని చెప్పగల మనిషి కావాలి. 20 శాతం కో-పే (బిల్లులో పాలసీదారు కట్టుకోవాల్సిన వాటా) ఉన్న పాలసీలో ఆస్పత్రి బిల్లు లక్షా యాభై వేలయితే 30,000 మీ జేబులోంచి పోతుందని చెప్పాలి, "కో-పే అప్లికబుల్ అండీ" అని ఊరుకోకూడదు. ప్రతి ఫైనాన్స్ విద్యార్థీ ఒక లోను, ఒక ఆరోగ్య పాలసీ, ఒక మ్యూచువల్ ఫండ్ పథకాన్ని తెలుగులో మూడేసి నిమిషాల్లో చెప్పి రికార్డు చేసుకుని, కాలేజీ క్యాంటీన్ ఆయనకో హాస్టల్ వాచ్‌మన్‌కో వినిపించాలి. విన్నాయన తిరిగి చెప్పగలిగితే పాసు.

ఆఫీసు లోపల భాషల కలగలుపు వేరే చిక్కు. ఆరుగురు మనుషుల మీటింగ్‌లో ఒకరు ఒడిశా నుంచో కేరళ నుంచో వచ్చి ఉంటారు. మాట వేడెక్కగానే ఇద్దరు తెలుగులోకి జారిపోతారు. రెండు నిమిషాల్లో తేలిన నిర్ణయం తెలుగు రాని ఆ మనిషికి తెలియదు, అడగడానికి మొహమాటం. తెలుగులోకి వెళ్లడం నేరం కాదు, చిక్కుముడి త్వరగా విడిపోతుంది కూడా. బయటికి రాగానే తేలిందేమిటో అందరికీ తెలిసిన భాషలో ఒక్క వాక్యంలో చెప్పాలి. ఇక పిలుపులు. ఐటీ ఆఫీసుల్లో వైస్ ప్రెసిడెంటునైనా పేరుపెట్టి పిలుస్తారు, బేగంబజార్ హోల్‌సేల్ కొట్లో యజమానిని అలా పిలిస్తే ఆ రోజే ఆఖరి రోజు. మొదటి వారం మిగతావాళ్లు ఎలా పిలుస్తున్నారో గమనించి అలాగే పిలవడం క్షేమం.

చిన్నవి, అయినా చిరాకు పెట్టేవి

మీటింగ్ మినిట్స్‌లో "చర్చించడం జరిగింది" అన్న వాక్యాలకు విలువ లేదు. ఏం నిర్ణయించారు, ఎవరు చేస్తారు, ఏ తేదీకి అన్న మూడు గడుల పట్టిక చాలు, అది అదే రోజు వెళ్లిపోవాలి. బాధ్యుల గడిలో "టీమ్" అని రాస్తే ఎవరూ చేయరని అర్థం.

చాట్‌లో "హాయ్ సర్" అని పెట్టి జవాబు కోసం కూర్చోవడం మానుకోవాలి. పలకరింపు, ప్రశ్న ఒకే మెసేజ్‌లో వెళ్లాలి. డబ్బు, గడువు, అనుమతి ఉన్న సంగతులు వాట్సాప్‌లో తేలినా సరే, ఆ వెంటనే మెయిలులో ఒక వరస రాసి పెట్టుకోవాలి. వాయిస్ నోట్ అయితే మూడు నెలల తర్వాత వెతికినా దొరకదు.

స్లైడ్లలో శీర్షిక వాక్యంగా ఉండాలి. "అమ్మకాల విశ్లేషణ" కన్నా "వరంగల్‌లో అమ్మకాలు పడిపోవడానికి కారణం సరుకు కొరత" అన్నది మేలు. శాతం చెబితే దేని నుంచి దేనికో కూడా చెప్పాలి. మార్కెట్ వాటా 8 శాతం నుంచి 10 శాతానికి చేరితే పెరుగుదల రెండు శాతం పాయింట్లు, లేదా 25 శాతం. రెండూ నిజమే. ఏది చెబుతున్నారో తెలియకపోతే కంపెనీ లెక్కలు చూసే పెద్ద అధికారి, అంటే సీఎఫ్‌ఓ, మిగతా స్లైడ్లు వినడు.

క్లాసులో ఎలా చేయించాలి

అరవై మంది సెక్షన్‌ను ముప్పై ముప్పైగా చీల్చి, వారానికో పని ఇవ్వొచ్చు. ఒక సగం మెయిలు రాస్తారు. రెండో సగం ఆ మెయిలు ఒక్కటే చూసి పని చేస్తారు. ఉదాహరణకు, 52 మంది విద్యార్థులను జీడిమెట్లలో ఫ్యాక్టరీ సందర్శనకు తీసుకెళ్లే బస్సు బుకింగ్ ఫారం నింపాలి. పది మార్కుల్లో ఐదు ఫారం సరిగ్గా నిండినందుకు, మూడు మార్కులు తిరుగు ప్రశ్నలు రానందుకు, వచ్చిన ఒక్కో ప్రశ్నకు ఒక మార్కు పోతుంది. భాషకు రెండు చాలు. భాషలోనూ ఆర్టికల్స్ తప్పుల్ని పట్టించుకోనక్కర్లేదు. పంపాను, పంపుతున్నాను, పంపుతాను అన్నవి కలగాపులగమైతే మాత్రం వదలకూడదు, అక్కడ అర్థమే మారిపోతుంది. ముప్పై మెయిళ్లు, ఒక్కోదానికి మూడు నిమిషాలు చొప్పున లెక్చరర్‌కు గంటన్నర పడుతుంది.

ఇది చెడిపోయే దారులు కూడా తెలుసుకోవాలి. ఒకే గదిలో ఉండే స్నేహితులు జంట అయితే మెయిలులో లేనిది వాట్సాప్‌లో చెప్పేసుకుంటారు, కాబట్టి వేర్వేరు సెక్షన్ల వాళ్లను కలపాలి. మెయిలు ఎలా ఉందని తోటివాళ్ల అభిప్రాయం అడిగితే అందరికీ తొమ్మిదే వస్తాయి. అభిప్రాయాలు అడక్కుండా, నిండిన ఫారాన్నే దిద్దాలి. నాలుగైదు వారాలయ్యాక విద్యార్థులు ఒక మూసకు అలవాటు పడతారు. అప్పుడు కావాలనే ఒక వివరం మింగేసిన పని ఇవ్వాలి. బస్సు ఎక్కడ ఎక్కాలో చెప్పకుండా ఇస్తే, ఊహించి రాసినవాళ్లకు సున్నా, ముందు అడిగి రాసినవాళ్లకు పూర్తి మార్కులు.

కృత్రిమ మేధ టూల్స్ వచ్చాక ఇంకో సమస్య. హాలు గురించి ఒక వరస టైపు చేస్తే నాలుగు పేరాల నున్నని మెయిలు వచ్చి పడుతుంది. పార్కింగ్ లేదన్న సంగతి, గురువారం 4 గంటల గడువు దానికి తెలియవు, అందుకే అవి ఆ మెయిలులో ఉండవు. నిషేధించడం వల్ల ప్రయోజనం తక్కువ. వివరాలన్నీ ముందు తెలుగులోనో ఇంగ్లీషులోనో ముక్కలుగా చేత్తో రాసుకుని, ఆ కాగితాన్ని కూడా జతచేసి ఇమ్మనడం మేలు. కాగితం మీద సరుకుంటే భాష సర్దే పని ఎవరికి అప్పగించినా ఫర్వాలేదు.

కాలేజీలో ఇలాంటి క్లాసు లేని చివరి సెమిస్టర్ విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌లో తాము పంపిన ఆఖరి ఇరవై మెయిళ్లు తెరిచి, ఒక్కోదానికి ఎన్ని తిరుగు ప్రశ్నలు వచ్చాయో, అవి దేని గురించో పక్కన రాసుకోవాలి. ఎక్కువ తేదీల గురించే అయితే సబ్జెక్టు లైనులో గడువు రాయడం నుంచి మొదలుపెట్టాలి. "ఏం చేయమంటావు?" అన్నవే ఎక్కువైతే మొదటి వాక్యం మార్చుకోవాలి. అసలు జవాబే రాని మెయిళ్లు సగానికి మించితే, ముందు చూడాల్సింది టు గడిలో ఎంతమంది ఉన్నారో.